మిడతకో క్లబ్బు

జూన్ 3, మంగళవారం

ఇవాళ రెండు ఫోన్లు. రెండూ నేను ఎక్స్‌రే గదిలో సీసం ఏప్రాన్ విప్పి మధ్యాహ్నం డబ్బా తెరిచే వేళకే వచ్చాయి.

మొదటిది బడి నుంచి, వ్యాయామం టీచరమ్మ. "మీ పాప మెట్ల పక్క కమ్మీకి తలకిందులుగా వేలాడుతోందండీ. దిగమంటే దిగి, వరండా పొడుగునా పిల్లిమొగ్గలేసుకుంటూ క్లాసుకెళ్ళింది. తిడదామంటే నవ్వొచ్చింది. ఏదైనా జిమ్నాస్టిక్స్ క్లబ్బులో వెయ్యండి. లేకపోతే మా కమ్మీ అన్నా విరుగుతుంది, తన మెడన్నా విరుగుతుంది" అంది.

"నేను వాళ్ళమ్మను కాదండీ, పెద్దమ్మని" అన్నాను. ఎందుకన్నానో తెలియదు.

"తెలుసండీ. రోజూ వచ్చేది మీరేగా" అంది ఆవిడ.

రెండోది మరిది. ఊళ్ళు పట్టుకు తిరుగుతూ కొత్త భవనాలకు లిఫ్టులు బిగించే మనిషి. మాట కూడా లిఫ్టులాగే అంతస్తుకోసారి ఆగుతుంది. "వదినా. పర్మినెంట్ అయింది. ఈ ఊళ్ళోనే. మరమ్మతుల సెక్షన్. ఇల్లు కూడా చూసుకున్నాను, అవతలి కొసన. ఆదివారం వస్తాను. కొంచెం మాట్లాడాలి."

మాట్లాడడానికేముంది.

చెల్లెలు పోయి రెండేళ్ళ నాలుగు నెలలు. అప్పుడు పిల్లకు ఆరేళ్ళు కూడా నిండలేదు. మరిది రెండు నెలలు మాత్రం ఇంట్లో ఉండి, "దాన్ని చూస్తే తనే కనిపిస్తోంది వదినా, నావల్ల కావడం లేదు" అని నా చేతుల్లో పెట్టి వెళ్ళిపోయాడు. నెలకోసారి వచ్చి చూసి పోయేవాడు. నేనేమీ అనలేదు. ఇప్పుడూ ఏమీ అనను.

పిల్లకు మిడత అని పేరు పెట్టింది చెల్లెలే. కడుపులో ఉన్నప్పుడే ఒక్కచోట నిలిచేది కాదట.

ఈ డైరీ ఎక్స్‌రే ఫిల్ముల కంపెనీ వాడు ఇచ్చాడు. ఐదు నెలలు ఖాళీగా పోయింది. ఎవరికీ చెప్పుకోలేనివి ఉంటే రాసుకోవచ్చు. అలాంటివేం లేవు గానీ, క్లబ్బుల వివరాలు రాసి పెట్టుకుంటే మంచిది.

జూన్ 7, శనివారం

టైర్ల షాపు పైన ఒక క్లబ్బు ఉంది. ఇంటి నుంచి ఎనిమిది నిమిషాల నడక. మిడతను తీసుకెళ్ళాను. మాస్టారు మెడ లేని మనిషి, తల నేరుగా భుజాల మీదే పెట్టినట్టుంటాడు. మెళ్ళో ఈల ఉంది గానీ ఒక్కసారీ ఊదలేదు. కింద నుంచి రబ్బరు వాసన, పైన ఇరవై మంది పిల్లల గోల. మిడత చెప్పులు గాల్లోకి విసిరేసి పరుపుల మీదికి ఉరికింది. మాస్టారు నడుం కింద చెయ్యి పెట్టి వెనక్కి తిప్పాడు. లేచి నిలబడి నావైపు చూసిన చూపు, వాళ్ళమ్మ పోయాక ఆ మొహంలో నేను చూడలేదు.

"ఇదే పెద్దమ్మా. ఇంక వేరేవి చూడొద్దు" అంది.

"చూద్దాం" అన్నాను.

పరుపు మీద బొటనవేలు పెట్టి నొక్కితే నేల తగిలింది. ఎముకల ఆసుపత్రిలో పదహారేళ్ళు ఫోటోలు తీసినదాన్ని. నేల ఎంత గట్టిదో నాకు తెలుసు.

జూన్ 8, ఆదివారం

మరిది వచ్చాడు. వచ్చీ రాగానే వంటింటి కుళాయి కారుతోందని సంచిలోంచి రెంచీ తీశాడు. అతనికి ఖాళీ చేతులతో మాట్లాడడం రాదు. కుళాయి కింద తల పెట్టుకునే చెప్పాడు.

"సెప్టెంబర్‌తో టర్మ్ అయిపోతుంది కదా వదినా. సెలవుల్లో తీసుకెళ్తాను. అక్కడ బడిలో కూడా మాట్లాడాను. మీరు చేసింది జన్మలో తీర్చుకోలేను. కానీ ఎన్నాళ్ళని మీ మీద పడేస్తాను."

"నా మీద ఎవరూ పడలేదు" అన్నాను.

"అది కాదు వదినా."

"జిమ్నాస్టిక్స్‌లో చేర్పించాను దాన్ని. సంవత్సరం కోర్సు. మధ్యలో మాన్పించడానికి వీల్లేదు."

నా నోట్లోంచే వచ్చింది. ఏ మాటకామాట చెప్పుకోవాలి, ఒక్క క్షణం కూడా తడబడలేదు. మిడత పక్కింటి పిల్లలతో కింద ఆడుకుంటోంది, వినలేదు.

అతను కుళాయి కిందనుంచి బయటికొచ్చాడు. మొహం మీద నీళ్ళు. "అవునా. నాకు చెప్పలేదే" అన్నాడు. "మంచిదే. దానికి గెంతడమంటే ఇష్టం." రెంచీ తుడిచి సంచిలో పెట్టుకున్నాడు.

అబద్ధం కాదు. ఎలాగూ చేర్పించబోతున్నాను. రెండు రోజులు ముందు చెప్పానంతే.

జూన్ 10, మంగళవారం

పొద్దున పదకొండేళ్ళ పిల్ల, మోచేయి. వాళ్ళమ్మను "జిమ్నాస్టిక్సా" అని అడిగాను. "కాదండీ, మంచం మీంచి పడింది" అంది. మంచాలు మాన్పించలేం కదా.

టైర్ల షాపు మాస్టారికి ఫోన్ చేసి సంవత్సరానికి చేర్చుకుంటారా అని అడిగాను. "అదేం లేదమ్మా. ఇష్టమున్నన్నాళ్ళు పంపండి, లేకపోతే మానిపించండి. పిల్లలేమన్నా ఖైదీలా" అని నవ్వాడు.

ఆ క్లబ్బు వద్దు. పరుపులు పల్చన.

జూన్ 14, శనివారం

రెండో క్లబ్బు చూశాం. బస్సులో పావుగంట. కొత్త భవనం, ఏసీ, లోపల అన్నీ తెల్లగా. తల్లిదండ్రులు కూర్చోవడానికి విడిగా గది, మధ్యలో నిలువెత్తు అద్దం. అవతల జరిగేది కనిపిస్తుంది, వినిపించదు. గోడ నిండా కప్పులు, పతకాలు. పరుపులు ఎంత మందమంటే నా మణికట్టు వరకూ దిగింది.

నడిపేది ఒక మేడమ్. నిటారుగా, సన్నగా, నవ్వకుండా మాట్లాడే మనిషి. మిడత కాళ్ళు టేపుతో కొలిచింది, భుజాలు కొలిచింది, తూకం వేసింది. "ఎముక బాగుంది. ఆలస్యంగా తెచ్చారు గానీ పనికొస్తుంది" అంది. ఎముక గురించి నాకే చెప్పింది.

వారానికి ఐదు రోజులు. రెండేళ్ళ హామీ పత్రం. మధ్యలో మాన్పించబోమని పెద్దవాళ్ళు సంతకం పెట్టాలి. పెట్టాను.

పిల్లలు ఎంత క్రమశిక్షణగా ఉన్నారో. ఒక్క అల్లరి లేదు.

ఇంకొకటి కూడా ఉంది. అది రాయనక్కర్లేదు.

జూన్ 15, ఆదివారం

మరిదికి ఫోన్లో చెప్పాను. ఒకటి కాదు, రెండేళ్ళట అని.

"దానికి ఇష్టమేనా వదినా" అన్నాడు.

"ఇష్టమే."

"అయితే సరే. దాని సంతోషం చెడగొట్టి తీసుకెళ్ళి నేనేం చేసుకుంటాను. ఆదివారాలు వస్తూ ఉంటాను."

ఫోన్ పెట్టేశాక ఇల్లంతా కడిగాను. కిటికీలు కూడా తుడిచాను. చాలా రోజుల తర్వాత పనిలో హుషారుగా అనిపించింది.

జూన్ 27, శుక్రవారం

జుట్టు ఒక్క వెంట్రుక కూడా బయటికి రాకుండా ముడేసి పంపాలి. ఇరవై రెండు పిన్నులు పట్టాయి. "నొప్పిగా ఉందా" అంటే "లేదు" అంది. ఇప్పుడు ఏదడిగినా లేదనే అంటోంది. బుద్ధిమంతురాలైంది.

టీచరమ్మ బడి గేటు దగ్గర కనిపించి, "ఈ మధ్య వరండాలో నడిచే వెళ్తోందండీ మీ మిడత" అంది. సంతోషంగా చెప్పలేదెందుకో.

జూలై 4, శుక్రవారం

గుడ్డు సగం తిని వదిలేసింది. తినమన్నాను.

"రేపు తూకం పెద్దమ్మా."

ఎనిమిదేళ్ళ పిల్ల. "మేడమ్‌తో నేను చెప్తాలే, తిను" అన్నాను. మేడమ్‌కు చెప్పలేదు. అక్కడికి వెళ్తే ఆవిడ ముందు నాకు నోరు పెగలదు. మిగిలిన సగం గుడ్డూ నేను తిన్నాను.

జూలై 13, ఆదివారం

మరిది వచ్చి దాన్ని పార్కుకు తీసుకెళ్తానంటే నేనూ వెళ్ళాను. గేటు దాటగానే అతను చెయ్యి అడ్డంగా చాపాడు. చిన్నప్పటి నుంచీ వాళ్ళిద్దరి ఆట అది, ఆ చేతికి వేలాడి కాళ్ళు పైకి లేపుతుంది. మిడత చేతిని చూసి, "నాన్నా, కాళ్ళు వంకర పోతాయి, మేడమ్ చూస్తే ఊరుకోదు" అంది.

"మేడమ్ ఇక్కడ లేదు కదమ్మా."

"తెలిసిపోతుంది నాన్నా."

అతను చెయ్యి దించుకున్నాడు. అది ఉయ్యాల వైపు నడిచి వెళ్ళాక, "మిడత ఎగరడం లేదేం వదినా" అన్నాడు.

"పెద్దదవుతోంది" అన్నాను.

నావైపు చూశాడు. నేను ఉయ్యాల వైపు చూశాను.

జూలై 19, శనివారం

పరుపులు చాలా మందం. ఇవాళ మళ్ళీ నొక్కి చూశాను.

ఆగస్టు 1, శుక్రవారం

ఎడమచేత్తో చొక్కా గుండీలు పెట్టుకుంటోంది. పళ్ళు తోముకునేదీ ఎడమచేత్తోనే. "ఏమిటే, ఎడమచేతి వాటం ఎప్పుడొచ్చింది నీకు" అన్నాను. "మా క్లాసులో పందెం పెద్దమ్మా. వారమంతా ఎడమచేత్తోనే చెయ్యాలి, ఎవరు మర్చిపోతే వాళ్ళు ఓడినట్టు" అంది. నవ్వుకున్నాను. పిల్లలకు ఎన్ని ఆటలో.

ఆగస్టు 6, బుధవారం

ఎలా మొదలుపెట్టాలో తెలియడం లేదు. ఉన్నదున్నట్టు రాస్తాను.

పొద్దున బడికి బయల్దేరుతుంటే సంచి అందించబోయాను. దాని కుడిచెయ్యి నా చేతికి తగిలింది. తగిలిందంతే. అరవలేదు. పెదవి కొరుక్కుని తెల్లగా అయిపోయింది. చొక్కా చెయ్యి పైకి లాగి చూస్తే మణికట్టు దగ్గర వాపు, కమిలి పచ్చగా తిరిగిన చర్మం. ఇవాళ్టిది కాదు. ఎన్ని రోజులదో అలాంటి రంగు చూసి చెప్పగలను నేను. వారం పైన.

"ఎప్పుడు పడ్డావు?"

"పడలేదు."

"మిడతా."

"బీమ్ మీంచి, మమ్మల్ని నడిపించే దూలం ఉంటుందే, దాని మీంచి. పోయిన వారానికి ముందు. ఏం కాలేదు పెద్దమ్మా, నేను ఏడవలేదు కూడా. ఏడిస్తే బెంచీ మీద కూర్చోబెడతారు, గోడవైపు తిప్పి."

ఆసుపత్రికి తీసుకెళ్ళాను. మా డాక్టరుగారు చెయ్యి పట్టుకుని చూసి చీటీ రాశారు. "నువ్వే తీస్తావా, వేరేవాళ్ళను పిలవనా" అన్నారు. నేనే తీస్తానన్నాను.

రోజుకు నలభై మందిని పడుకోబెట్టే బల్ల అది. నా వాళ్ళను పడుకోబెట్టడం రెండోసారి. మొదటిసారి చెల్లెలు, దగ్గు తగ్గడం లేదని. ఆ రోజు ఆ ఫిల్ము వెలుగులో పెట్టి చూసింది మొదట నేనే. డాక్టరుగారు చూసేలోపు నాకు తెలిసిన ఆ ఐదు నిమిషాలు, బయట బెంచీ మీద చెల్లెలు కాళ్ళూపుకుంటూ కూర్చుని ఉంది.

మిడత చెయ్యి ప్లేటు మీద పెట్టాను. చిన్న సీసం ఏప్రాన్ కప్పితే మెడ దాకా వచ్చింది. "కదలకూడదమ్మా" అన్నాను. అందరికీ చెప్పే మాటే.

కదల్లేదు. పిల్లలెవరూ అలా ఉండరు. ఐదేళ్ళ నుంచి పదేళ్ళ పిల్లలను వందలమందిని చూశాను, ఊపిరికైనా కదులుతారు. ఇది ఎవరో మేకు కొట్టినట్టు ఉండిపోయింది, కళ్ళు పైకప్పు మీద పెట్టుకుని. అప్పుడు తెలిసింది నాకు, దానికి ఏం నేర్పించారో.

ఎముక అంచు ఒకచోట నొక్కుకుపోయి ఉబ్బింది. విరిగి రెండు కాలేదు. నాలుగు వారాలు కట్టు. "పిల్లల ఎముక, అతుక్కుంటుంది. తీసుకురావడమే ఆలస్యమైంది" అన్నారు డాక్టరుగారు. నన్నేమీ అనలేదు. రోజూ ఎముకలు చూసే మనిషిని ఏమంటారు.

కట్టు వేస్తుంటే అది మెల్లగా అడిగింది. "మేడమ్‌కి చెప్తావా?"

ఆగస్టు 8, శుక్రవారం

ఫిల్ము తీసుకుని ఆ క్లబ్బుకెళ్ళాను. ఆ అద్దానికే ఆనించి పట్టుకున్నాను. అవతలి దీపాల వెలుగులో ఎముక స్పష్టంగా కనిపించింది.

మేడమ్ బయటికొచ్చింది. "పిల్ల చెప్పలేదండీ. చెప్తే ఆపేవాళ్ళం కదా" అంది.

"ఎందుకు చెప్పలేదో మీకు తెలియదా?"

"హామీ పత్రం మీద సంతకం పెట్టారు మీరు. క్రమశిక్షణ ఉంటుందని అందులో రాసే ఉంది."

"చింపేయండి దాన్ని" అన్నాను.

బెంచీ మీద కూర్చున్న తల్లుల్లో ఒకావిడ మొహం తిప్పుకుంది. ఇంకొకావిడ లేచి వచ్చి ఫిల్మును చాలాసేపు చూసింది. వెళ్ళి అద్దం మీద వేలితో కొట్టి తన పాపను బయటికి పిలిచింది.

బస్సులో కూర్చున్నాక నేనడిగిన ప్రశ్న నాకే తిరిగి తగిలింది. మిడత మేడమ్‌కు చెప్పలేదు సరే. నాకెందుకు చెప్పలేదు?

ఆగస్టు 10, ఆదివారం

మరిది కట్టు చూశాడు. దాని పక్కన నేల మీద కూర్చుని కట్టు మీద పెన్నుతో చిన్న లిఫ్టు బొమ్మ వేశాడు, తలుపులు, బటన్లు అన్నీ. అది ఒక్కో బటన్ నొక్కి ఎన్నో అంతస్తో చెప్పింది. తర్వాత పక్కింటికి పంపించాడు.

"ఎలా అయింది వదినా?"

అంతా చెప్పాను. చెప్పేటప్పుడు, ఇక్కడ రాయకుండా వదిలేసిందీ చెప్పాను. ఇప్పుడు రాస్తున్నాను.

జూన్ పద్నాలుగున, సంతకానికి ముందు, ఆ అద్దంలోంచి ఒక పిల్లను చూశాను. మిడత అంత ఉంటుంది. రెండు కాళ్ళూ చెరోవైపు చాపి నేలకు ఆనలేకపోతోంది. మేడమ్ వెనక నుంచి దాని భుజాల మీద బరువంతా వేసి అణిచింది. ఆ పిల్ల నోరు మూసుకుని ఏడ్చింది. శబ్దం రాకుండా ఏడవడం నేర్చుకున్న ఏడుపు. మిడత కూడా చూసింది. నా చేతిసంచి పట్టుకు లాగి, "టైర్ల షాపు దానికే వెళ్దాం పెద్దమ్మా" అంది. నేను కాగితం మీద ఎక్కడ సంతకం పెట్టాలో అడిగాను.

"ఎందుకు?" అన్నాడు మరిది.

"రెండేళ్ళని రాసుంది కాబట్టి. రెండేళ్ళు నువ్వు తీసుకెళ్ళలేవు కాబట్టి."

లేచి వెళ్ళిపోయాడు. పైనుంచి చూస్తే వీధి మెట్ల మీద తల పట్టుకుని కూర్చుని కనిపించాడు. అరగంట. నేను కిటికీ దగ్గరే నిలబడ్డాను. ఇక పైకి రాడేమో, పిల్లను పక్కింటి నుంచే తీసుకుని వెళ్ళిపోతాడేమో అనుకున్నాను. అలా చేస్తే అడ్డం పడే మొహం నాకు లేదు.

తిరిగి వచ్చి తలుపు దగ్గరే నిలబడ్డాడు.

"రెండేళ్ళు నేను లేను. నాకు బాధగా ఉందని దాన్ని వదిలేసి పోయాను. ఆ లెక్కన మిమ్మల్ని ఒక్క మాట అనే హక్కు నాకు లేదు. కానీ అంటున్నాను వదినా. ఇంకెప్పుడూ అలా చెయ్యకండి."

"చెయ్యను."

"తను ఉంటే మనిద్దర్నీ తిట్టేది."

"నన్ను ఎక్కువ తిట్టేది" అన్నాను.

అతను ఏడ్చాడు. చెల్లెలు పోయిన రోజున కూడా నేనతని ఏడుపు చూడలేదు. నాకు ఏడుపు రాలేదు. నీళ్ళు తెచ్చి ఇచ్చాను.

వెళ్ళేముందు చెప్పాడు. అతనుండే వైపు ఒక క్లబ్బు ఉందట. పక్క భవనంలో లిఫ్టు బాగుచెయ్యడానికి వెళ్ళినప్పుడల్లా పైనుంచి చూస్తున్నాడట, జూన్ నుంచీ. "మీరు చేర్పించేశారు కదా అని చెప్పలేదు. చెయ్యి బాగయ్యాక, దానికి ఇష్టమైతే, మీరొచ్చి చూడండి. మీరు సరే అంటేనే."

నేను సరే అంటేనేనట. ఇంత జరిగాక.

ఆగస్టు 23, శనివారం

అన్నం, గుడ్డు, పాలు అన్నీ తింటోంది. ఇవాళ "ఇంకోటి ఉందా" అంది. ఇంకో గుడ్డు ఉడకబెట్టాను.

సెప్టెంబర్ 6, శనివారం

కట్టు తీసి మూడు రోజులైంది. మరిది చెప్పిన చోటికి వెళ్ళాం, ముగ్గురం.

రెండు బస్సులు, గంటా నలభై నిమిషాలు. పాత గోదాము, రేకుల కప్పు. అద్దం లేదు. తల్లిదండ్రుల బల్లలు కూడా లోపలే, పరుపుల పక్కనే. నడిపేది అరవై దాటిన ఆవిడ. ఒక మోకాలు వంగదు, ఆ కాలు చాపుకుని స్టూలు మీద కూర్చుంటుంది. పిల్లలు ఆవిణ్ణి అమ్మమ్మా అని పిలుస్తారు. ఆవిడ అరుపులు వీధి చివరికి వినిపిస్తాయి, కానీ అవి తిట్లు కావు. "ఒరేయ్, నీ కాళ్ళు నీవేనా, పక్కింటివా, కలిపి ఉంచు" లాంటివి.

మిడత లోపలికెళ్ళి నిటారుగా నిలబడింది. చెప్పులు పక్కపక్కన సర్దింది. "తూకం ఎక్కడండీ" అంది.

ఆవిడ నావైపు చూసింది, మరిది వైపు చూసింది. అడగలేదు. "ఇక్కడ తూకం లేదమ్మా. కూరగాయల కొట్టు అనుకున్నావా" అంది. మిడతకు నవ్వాలో వద్దో తెలియలేదు.

ఫిల్ము చూపించాను. వెలుతురుకేసి ఎత్తి చూసి, "ఈ చేతి మీద రెండు నెలలు బరువు పడకూడదు" అంది ఆవిడ. సరిగ్గా మా డాక్టరుగారి మాటే. "ఈలోపు పడడం నేర్పిస్తాను. ఇక్కడ అందరికీ మొదట అదే. ఇది ఎవరూ నేర్పరు, అందుకే చేతులు విరుగుతాయి."

గంటసేపు పడడమే. చేతులు గుండెకు హత్తుకుని వీపు మీద దొర్లడం, పక్కకు దొర్లడం. పడిన ప్రతివాళ్ళూ లేచి, ఎక్కడ తగిలిందో పైకి చెప్పాలి. అది అక్కడి నియమం. ఒకడు "పిర్ర" అన్నాడు, అందరూ నవ్వారు. మిడత నాలుగుసార్లు పడి నాలుగుసార్లూ "ఎక్కడా లేదు" అంది. ఐదోసారి ఆవిడ స్టూలు మీంచి ముందుకు వంగి, "నిజం చెప్పు, నాకు చెవులు బాగానే వినిపిస్తాయి" అంది.

"భుజం" అంది మిడత. "కొంచెం."

"శభాష్. రా, చూపించు."

ఆ తర్వాత దొర్లినప్పుడల్లా "మోచేయి", "నడుం", "ఏమో, అన్నీ" అని అరుస్తూనే ఉంది. చివరికి పడకముందే నవ్వడం మొదలుపెట్టింది. మరిది నా పక్కన కూర్చుని చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకున్నాడు.

పరుపు నొక్కి చూడలేదు నేను.

సెప్టెంబర్ 7, ఆదివారం

మనసు ఒప్పక వేరే దారులు వెతికాను. వారానికి మూడు రోజులు నేనే తీసుకెళ్తే? బడి అయ్యాక బయల్దేరితే ఆరింటికి చేరతాం, తిరిగొచ్చేసరికి పది. బస్సులో నిద్రపోతుంది, హోంవర్కు బస్సులో చేసుకుంటుంది. డ్యూటీ మార్పించుకోవచ్చు. లేదా టైర్ల షాపు క్లబ్బులో చేర్పించవచ్చు. ఆ మాస్టారు మంచివాడే. పరుపులు పల్చనైతే కొత్తవి వేయించమని అడగవచ్చు.

ఇవన్నీ ఎవరికోసం రాస్తున్నాను?

వాళ్ళ నాన్న ఇంటి నుంచి ఆ గోదాము నాలుగు వీధుల దూరం. అది అక్కడికి గెంతుకుంటూ వెళ్ళవచ్చు.

మరిదికి ఫోన్ చేశాను. "చూశాను. అదే క్లబ్బు" అన్నాను.

"మరి..." అన్నాడు.

"టర్మ్ అయిపోగానే వచ్చి తీసుకెళ్ళు."

సెప్టెంబర్ 27, శనివారం

రెండు సంచులు, ఒక పెట్టె. పుస్తకాలు మరిది నిన్ననే తీసుకెళ్ళాడు. రేపు పొద్దున వస్తాడు. మధ్యాహ్నం దాని బట్టలు మడతపెడుతుంటే మిడత వచ్చి మంచం మీద కూర్చుంది.

"పెద్దమ్మా, నేను చెయ్యి విరగ్గొట్టుకుని నీకు చెప్పలేదని పంపించేస్తున్నావా?"

చేతిలో చొక్కా అలాగే ఉండిపోయింది.

"ఎవరన్నారు అలా?"

"ఎవరూ అనలేదు. నేనే."

దాని ఎదురుగా నేల మీద కూర్చున్నాను. పిల్లకు ఎంతవరకు చెప్పాలో నాకు తెలియదు. "తప్పు నువ్వు చెయ్యలేదు. నేను చేశాను. ఆ మేడమ్ మంచిది కాదని నాకు మొదటి రోజే తెలుసు. నువ్వు వద్దన్నావు. అయినా చేర్పించాను" అన్నాను.

"ఎందుకు?"

"నువ్వు నా దగ్గరే ఉంటావని."

ఆలోచించింది. "ఊరికే ఉండమంటే ఉండేదాన్ని కదా పెద్దమ్మా" అంది.

అది నా మెడ చుట్టూ చేతులు వేసింది, రెండు చేతులూ. కుడిచెయ్యి కూడా గట్టిగా పట్టుకుంది. ఎముక బాగా అతుక్కుంది.

సెప్టెంబర్ 28, ఆదివారం

వెళ్ళారు.

సెప్టెంబర్ 30, మంగళవారం

సాయంత్రం డ్యూటీ దిగి అలవాటుగా బడి దగ్గరికి వెళ్ళాను. సెలవులు కదా, గేటు తాళం వేసి ఉంది. కాపలా అతను "ఏమైనా మర్చిపోయారా అమ్మా" అన్నాడు. అవునన్నాను.

అక్టోబర్ 4, శనివారం

వెళ్ళి చూద్దామనుకున్నాను. చెప్పులు వేసుకుని మళ్ళీ విప్పేశాను. మొదటి వారమే వెళ్తే అది నాతో వచ్చేస్తానంటుందేమో. అనకపోతే ఎలా ఉంటుందో అని కూడా ఉంది.

అక్టోబర్ 9, గురువారం

మరిది ఫోన్. తిండి తింటోంది, పడుకుంటోంది, రెండుసార్లు ఏడ్చిందట. "దేనికి" అన్నాను. "ఒకసారి వాళ్ళమ్మకి. ఒకసారి మీకు" అన్నాడు. దాచకుండా చెప్పాడు. అతను మంచివాడే. ఈ మాట ఇక్కడ ఇంతవరకు రాయలేదు.

నవంబర్ 8, శనివారం

నాలుగు శనివారాలుగా వెళ్తున్నాను. బల్ల మీద కూర్చుంటాను. ఇవాళ మాత్రం డ్యూటీ పడింది, వెళ్ళలేకపోయాను. సాయంత్రం బట్టలు ఆరేస్తుంటే ఫోన్ మోగింది.

"పెద్దమ్మా, ఇవాళ నువ్వు రాలేదు."

"డ్యూటీ పడిందమ్మా."

"ఇవాళే చేశాను. చేతుల మీద నిలబడ్డాను. అమ్మమ్మ రెండు నెలలైంది, చెయ్యొచ్చు అంది."

"గోడకి ఆనుకునా?"

"కాదు. మధ్యలో."

"ఎవరు పట్టుకున్నారు?"

"మొదట నాన్న కాళ్ళు పట్టుకున్నాడు. తర్వాత వదిలేశాడు. నాకు చెప్పకుండానే వదిలేశాడు పెద్దమ్మా. పదకొండు లెక్కపెట్టేదాకా ఉన్నాను, పడ్డాను."

"ఎక్కడ తగిలింది?"

"మోకాలు. గట్టిగానే తగిలింది. ఏడ్చాను కూడా" అంది, పతకం గెలిచినంత గొప్పగా.

"మళ్ళీ మొదటి నుంచి చెప్పు" అన్నాను. తడిబట్ట భుజాన వేసుకుని మెట్టు మీద కూర్చున్నాను. అది చెప్పులు ఎక్కడ విప్పిందీ దగ్గర్నుంచి మొదలుపెట్టి అంతా మళ్ళీ చెప్పింది.